నడుము కట్టు దగ్గరి పుండు

(సంఘం వార్షిక సమావేశం సందర్భంగా మందసలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. మన ఉద్దానంలో ఆరోగ్యం అనగానే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మన మందస, ఏ ఊరు వెళ్ళినా సంతకం చెయ్యడం రాని ముసలమ్మ కూడా క్రియాటినైన్ అన్న మాట తప్పు లేకుండా పలుకుతుంది. మన సంఘం డబ్బులో పెద్ద వాటా డయాలసిస్‌కు తిరిగేవాళ్ళ ఖర్చులకే పోతోంది. పోవలసిందే. నేను ఇవాళ దాని గురించి కాకుండా, అరుదుగా వచ్చే ఒక జబ్బు గురించి చెబుతాను. చర్మానికి వచ్చే క్యాన్సర్, అందులోనూ నడుము దగ్గర బొందు కట్టుకునే చోట వచ్చేది.

అరుదైనదానికి ఇంత సమయం దేనికని ఎవరైనా అడగొచ్చు. ఈ జబ్బు కడుపులోనో ఊపిరితిత్తుల్లోనో దాక్కోదు, కంటికి కనిపిస్తుంది. కారణం కూడా చాలావరకు మన చేతిలో ఉన్నదే. తొందరగా పట్టుకుంటే ఒక ఆపరేషన్‌తో వదిలిపోతుంది. ఇన్ని వీలున్నా మన దగ్గరికి సాయం కోసం వచ్చేవాళ్ళు ఆలస్యంగానే వస్తున్నారు. ఎందుకు ఆలస్యమవుతోందో, దానికి మన డబ్బు ఏం చెయ్యగలదో చెప్పడానికి నిలబడ్డాను. నేను డాక్టర్ని కాను. బీ.ఈడీ. చదివి, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. పాఠం చెప్పే ముందు చదువుకోవడం అలవాటు కాబట్టి చదువుకునే వచ్చాను.

చర్మం సంగతి పిల్లలకు నేను కొబ్బరి చెట్టును చూపించి చెబుతాను. కొత్త ఆకు నడిమిన పుడుతుంది, పాత మట్ట పక్కకు జరిగి రాలిపోతుంది. చర్మంలోనూ అంతే. అడుగున కొత్త కణాలు పుడతాయి, పైకి జరుగుతాయి, పొలుసులై రాలిపోతాయి. ఆ పుట్టుక హద్దు తప్పితే క్యాన్సర్. అడుగు కణాల నుంచి పుట్టేది నెమ్మదిగా నడుస్తుంది. వాటి పైనున్న పొలుసు కణాల నుంచి పుట్టేది కొంచెం గడుసుది, పక్కనున్న గడ్డలకు పాకగలదు. రంగునిచ్చే కణాల నుంచి పుట్టేది మెలనోమా, అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళు ఎక్కువ, ఎండ తీవ్రం. అక్కడ డెబ్బై ఏళ్ళు వచ్చేలోగా ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ కనిపిస్తుందని లెక్క. మన దేశంలో నమోదయ్యే క్యాన్సర్లన్నిటిలో చర్మానివి దాదాపు నూటికి ఒకటి రెండు. మన ఒంట్లోని నల్లరంగు ఎండ దెబ్బ లోపలికి దిగకుండా గొడుగు పడుతుంది. పెళ్ళి చూపుల్లో ఆ రంగుకు వంకలు పెట్టేవాళ్ళు ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే బాగుండును.

కాని గొడుగు ఎండకే పనికొస్తుంది. ఒరిపిడికి, కాలుడుకు, పొగకు అడ్డు రాదు. మనవాళ్ళకు వచ్చే చర్మ క్యాన్సర్లలో ఒక రకం ఈ దారిలో వస్తుంది. మెలనోమా కూడా మనలో ఎండ తగిలేచోట కన్నా అరికాల్లో, గోరు కింద కనిపించడం ఎక్కువ. జమైకా పాటగాడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్ళకే చనిపోయింది కాలివేలి గోరు కింద పుట్టిన ఈ జబ్బుతోనే. మొదట బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నారట. జీడితోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అరికాల్లో కొత్తగా నల్లమచ్చ పుట్టి పెరుగుతుంటే ముల్లు గుచ్చుకుందనుకుని వదిలెయ్యకండి.

మనిషి చేసే పనికీ, క్యాన్సర్‌కూ లంకె ఉందని లోకానికి మొదట తెలిసింది చర్మం మీదనే. 1775లో లండన్ డాక్టరు పెర్సివల్ పాట్ ఒక సంగతి గమనించాడు. పొగగొట్టాలు శుభ్రం చెయ్యడానికి చిన్నపిల్లలను వాటిలోకి దించేవారు. వాళ్ళు పెద్దయ్యాక వృషణాల తిత్తి చర్మం మీద క్యాన్సర్ పుండ్లు పుట్టేవి. మసి ఆ ముడతల్లో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోవడమే కారణమని ఆయన రాశాడు. సూక్ష్మదర్శినితో కణాన్ని పరీక్షించే పద్ధతి అప్పటికి రాలేదు. ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, వాళ్ళ బతుకులో తేడా ఏమిటి అని చూశాడు, అంతే. జబ్బుల లెక్క అనే శాస్త్రం అంతా ఈ మూడు ప్రశ్నలే.

ఆ ప్రశ్నలనే మన దేశంలో వేసినవారు బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఖనోల్కర్, డాక్టర్ సూర్యాబాయి. 1945లో వాళ్ళు ఒక వ్యాసం అచ్చు వేశారు. మనుషుల వాడుకల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్లు భారతదేశంలో ఉన్నాయని అందులో చెప్పారు. పెదవి కింద ఖైనీ పెట్టుకునేవాళ్ళకు వచ్చేది ఒకటి. ధోవతి బిగించి కట్టేవాళ్ళకు నడుము దగ్గర చర్మం మీద వచ్చేది ఒకటి. మూడోది చుట్టను తిప్పి, నిప్పు నోట్లో పెట్టుకుని తాగేవాళ్ళకు అంగిట్లో వచ్చేది.

ఆ మూడోది మనదే. అడ్డపొగ. మన నానీలు, దాదీలు తాగినదే. చేపలు అమ్ముతూ, నీళ్ళు మోస్తూ, చంటిబిడ్డను ఎత్తుకుని కూడా తాగేవారు. బూడిద బిడ్డ మీద పడదు, సముద్రపు గాలికి నిప్పు ఆరదు, అందుకని నిప్పును లోపలికి తిప్పారు. 1971లో ఇంగ్లండు క్యాన్సర్ పత్రికలో మన ప్రాంతం మీద ఒక పరిశోధన వచ్చింది. డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, టాటా పరిశోధనా సంస్థ డాక్టర్ మెహతా, మరికొందరు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగుతున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మిగతా లోకంలో అంగిటి క్యాన్సర్ చాలా అరుదు, మన తీరంలో మాత్రం డాక్టర్లకు పాత పరిచయం. ప్రపంచ వైద్య పుస్తకాల్లో శ్రీకాకుళం పేరు కిడ్నీల కన్నా ముందు ఎక్కింది దీనితోనే. తరవాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం ప్రాంతాల్లో పొగాకు వాడే 36,000 మందికి ఇంటింటికీ వెళ్ళి నచ్చజెప్పారు. అలవాటు మానినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో నోటిలో ముందస్తు మచ్చలు తగ్గడం చూశారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ అనే పత్రికలో వచ్చాయి. మందు లేదు, కత్తి లేదు. గడపలో కూర్చుని మాట్లాడారు.

అంగిటి సంగతి మనకు కొంత తెలుసు. నడుము సంగతే ఎవరికీ తెలీదు. చీర కట్టేవాళ్ళకు లంగా బొందు, సల్వారు వేసుకునేవాళ్ళకు నాడా, మగవాళ్ళకు లుంగీ ముడి, పంచె కట్టు. గుడ్డ ఏదైనా కట్టే చోటు ఒకటే. సన్నని తాడు ఒకే గీత మీద, జారిపోకుండా గట్టిగా, ఇరవయ్యో ఏట నుంచి అరవయ్యో ఏట దాకా రోజంతా ఉంటుంది. ముందు ఆ గీత మీద చర్మం నల్లబడుతుంది, దళసరి అవుతుంది. కొందరికి రంగు పోయి తెల్లగీత పడుతుంది. దాన్ని బొల్లి అనుకుని పెళ్ళి కావలసిన పిల్లలున్న తల్లులు దాచేస్తారు. దాని మీద చెమట నిలుస్తుంది. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో రోజంతా కింద కూర్చుని గింజ కొట్టే ఆడవాళ్ళకు కూర్చున్నప్పుడు పొట్ట మడత పడి బొందు ఇంకా లోపలికి దిగుతుంది. ఇది నా అంచనా, పుస్తకంలోది కాదు. ఒరిసిన చోట పగులుతుంది, మానుతుంది, మళ్ళీ పగులుతుంది. ఏళ్ళ తరబడి మానుతూ రేగుతూ ఉన్న చర్మంలో ఎప్పుడో ఒకప్పుడు కణాల పుట్టుక లెక్క తప్పుతుంది. నూటికి తొంభై తొమ్మిది మందికి నల్లగీతతోనే ఆగిపోతుంది, భయపడకండి. ఎవరికో ఒకరికి ఆగదు.

పాత మచ్చల్లో, మానని పుండ్లలో పుట్టే ఈ రకాన్ని మార్జొలిన్ పుండు అంటారు. 1828లో ఫ్రాన్సు డాక్టరు మార్జొలిన్ దీన్ని వర్ణించాడు. కాలిన మచ్చల్లో నూటికి ఒకటి రెండు ఇలా మారవచ్చని డాక్టర్ల అంచనా. మారడానికి సగటున ముప్పై ఏళ్ళు పడుతుంది. చిన్నప్పుడు పొయ్యి మీద పడి కాలిన బిడ్డకు అమ్మమ్మ అయ్యాక వస్తుంది. అప్పటికి ఆ మచ్చ సంగతి ఎవరికీ గుర్తుండదు. కాశ్మీరులో చలికి ఫిరన్ లోపల నిప్పుల కాంగిడీ పెట్టుకుంటారు కదా, దాని సెగకు పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సర్ గురించి ఎల్మ్‌స్లీ అనే మిషన్ డాక్టరు 1866లోనే రాశాడు. వాళ్ళది నిప్పు, మనది బొందు. చర్మానికి రెండూ ఒకటే, ఎడతెగని దెబ్బ.

ధోవతి క్యాన్సర్ అని 1945లో అన్నదాన్ని తరవాత చీర క్యాన్సర్ అన్నారు. 2024లో వార్ధా, మధుబని డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ళ కేసులు బ్రిటిష్ వైద్య పత్రికలో రాస్తూ, తప్పు చీరది కాదు, లంగా బొందుదని పేరు మార్చారు. ఒకావిడకు 70 ఏళ్ళు, కుడిపక్క నడుము మీద పద్దెనిమిది నెలలుగా పుండు. ఇంకొకావిడ అరవైల చివర్లో ఉన్నారు, లంగా లేకుండా లుగ్డా అనే పొడవు చీరను నలభై ఏళ్ళుగా బిగించి కట్టుకుంటున్నారు. రెండేళ్ళుగా మానని పుండు. అప్పటికే గజ్జల్లో గడ్డకు పాకింది. ఆ రెండో కేసు చదివాక నాకు బొందు కన్నా బిగుతు మీద అనుమానం ఎక్కువైంది.

మన ప్రాంతంలో ఇవి ఎన్ని అని అడిగితే చెప్పే లెక్క లేదు. మన దేశంలో క్యాన్సర్ల లెక్క 1981లో జాతీయ కార్యక్రమంగా మొదలైంది. కాని ముక్క తీసి పరీక్ష చేస్తేనే జబ్బుకు పేరు, పేరుంటేనే లెక్క. పుండును పుండుగానే భూమిలో పెట్టేస్తే ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అరుదు అన్న మాటలో కొంత నిజం, కొంత మన కళ్ళు మూసుకోవడం.

మా వీధిలో ఒకావిడ ఉంది. పేరు చెప్పను, అందరం ఖాలా అనే పిలుస్తాం. ఒక పెళ్ళిలో పక్కన కూర్చుంటే నడుం ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఏమైంది ఖాలా అన్నాను.

"ఏం లేదు బేటీ, నాడా ఒరుసుకుంది. కొబ్బరి నూనె రాస్తున్నాను."

"ఎన్నాళ్ళైంది?"

"పోయిన రంజాన్‌కు ముందు. కాదు కాదు, దానికి ముందు రంజాన్‌కు."

అప్పటికి ఆవిడ దగ్గర మూడు ట్యూబుల ఆయింటుమెంట్లు ఉన్నాయి. మందుల షాపులో చర్మానికి అని అడిగితే ఇచ్చినవి. వాటిలో స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. రాసిన వారం దురద తగ్గుతుంది, దాంతో మానుతోందని నమ్మకం. ఒకసారి ఆసుపత్రికి కూడా వెళ్ళింది. అక్కడ మగడాక్టరు. గుడ్డ పక్కకు తియ్యమంటే తీసిందా అని అడిగితే, "అంతమంది ముందా" అంది. గుడ్డ మీదినుంచే చూపించింది, గుడ్డ మీదినుంచే చీటీ రాశారు. కొడుకు చెన్నైలో కూలిపనిలో ఉన్నాడు, కూతురు పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. తోడు ఎవరు వెళ్తారు? చివరికి విశాఖపట్నంలో ముక్క తీసి పరీక్ష చేసేటప్పటికి పుండు అరచేతి అంత అయింది, గజ్జల్లో గడ్డ తగిలింది. ఆపరేషన్ అయింది, తరవాత వారాల తరబడి కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మన సంఘం డబ్బు ఇచ్చింది, అది గది అద్దెకూ తిండికీ పోయింది. కూతురు రెండు నెలలు పనికి వెళ్ళలేదు. ఖాలా బతికే ఉంది, ఈ సభకు రాలేదు.

ఇక్కడ లెక్క చూడండి. మొదటి రంజాన్ నాటికి పుండు అర్ధరూపాయి బిళ్ళంత. అప్పుడు ముక్క తీసి ఉంటే మత్తు సూదితో అయిపోయే పని. ఆలస్యానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. డబ్బు లేకపోవడం, తోడు లేకపోవడం, సిగ్గు, ఇంకా "పుండే కదా" అన్న మాట, నాలుగూ కలిశాయి.

ఇక ఏది మామూలు పుండు, ఏది కాదు? తామర గుండ్రంగా పాకుతుంది, దురద ఉంటుంది, సరైన మందుకు తగ్గుతుంది. ఒరిపిడి పుండు బొందు వదులు చేసి పొడిగా ఉంచితే రెండు మూడు వారాల్లో మానుతుంది. నెల దాటినా మానకపోతే, అంచు గట్టిపడి గట్టులా పైకి లేస్తే, తాకగానే నెత్తురు వస్తే, వాసన వస్తే, గజ్జల్లో గడ్డ తగిలితే అది వేరే సంగతి. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోకండి, ఇది మొదట్లో పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు. స్పర్శ లేని తెల్ల మచ్చ అయితే అది కుష్ఠు కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. కుష్ఠువల్ల అరికాల్లో ఏళ్ళ తరబడి మానకుండా ఉన్న పుండు కూడా అరుదుగా క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి వాళ్ళనూ మరవకూడదు. జీడి కొట్టేవాళ్ళ చేతులు నల్లబడి తోలు ఊడటం జీడినూనె కాల్చడం వల్ల. అది క్యాన్సర్ కాదు. ఆ చేతులకు చేతి తొడుగులు కావాలి, అది వేరే ఉపన్యాసం.

ముక్క పరీక్ష అంటే మనవాళ్ళకు భయం. "కత్తి తగిలితే క్యాన్సర్ రేగిపోతుంది" అని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కత్తి వల్ల రేగదు. కత్తి దాకా వచ్చేటప్పటికే ముదిరి ఉంటుంది, అందుకని ఆ నింద కత్తి మీద పడింది. పుండు అంచు నుంచి, మంచి చర్మం కూడా కలిసేలా, బియ్యపు గింజల్లాంటి ముక్కలు ఒకటి రెండు తీస్తారు. నడుమ నుంచి తీస్తే చచ్చిన కణాలే వస్తాయి. ఆ ముక్కను ఫార్మలిన్ సీసాలో వెయ్యాలి, నీళ్ళలో కాదు. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో పరీక్ష చేసే విభాగాలున్నాయి. మందస వాళ్ళలో కొందరు బరంపురం మెడికల్ కాలేజీకి కూడా వెళ్తారు, దగ్గర కాబట్టి. ఆపరేషన్, రేడియేషన్ రెండూ ఒకే చోట కావాలంటే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, బొంబాయి టాటా మెమోరియల్ వాళ్ళదే. 1945 వ్యాసం ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో దాని మరో శాఖ అన్నమాట.

చికిత్సలో ప్రధానమైనది ఆపరేషనే. పుండుతో పాటు చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మం కూడా ఒకటి రెండు సెంటీమీటర్లు తీసేస్తారు. తీసిన దాని అంచుల్లో కణాలు మిగిలాయేమో మళ్ళీ పరీక్షకు పంపుతారు. నడుము దగ్గర చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి చిన్నదైతే కుట్టేస్తారు, పెద్దదైతే తొడ నుంచి చర్మం తెచ్చి అతుకుతారు. గజ్జల్లో గడ్డలుంటే వాటినీ తియ్యాలి, తరవాత రేడియేషన్ పెట్టవచ్చు. తిరగబెట్టేవాటిలో చాలావరకు మొదటి రెండేళ్ళలోనే తిరగబెడతాయి. అందుకని ఆ రెండేళ్ళూ మూడు నెలలకోసారి చూపించుకోవాలి. పుండు మానగానే మనవాళ్ళు ఆసుపత్రి మొహం చూడరు. ఆపరేషన్‌కు డబ్బిచ్చే మనం ఆ మూడు నెలల రైలు టిక్కెట్టు మరిచిపోతాం.

ఇప్పుడు ఉద్దానం సంగతికి వస్తాను. ఒళ్ళంతా పాకాక ఇచ్చే మందుల్లో సిస్‌ప్లాటిన్ ముఖ్యమైనది. అది కిడ్నీలను దెబ్బ తీస్తుంది. స్కాన్‌కు ఎక్కించే రంగు మందు కూడా బలహీనమైన కిడ్నీకి మంచిది కాదు. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న మనిషికి దొరికే చికిత్స క్రియాటినైన్ పెరిగిన మన మనిషికి దొరక్కపోవచ్చు. మందు షాపులో ఉంటుంది, ఒళ్ళు తట్టుకోదు. రోగనిరోధక శక్తిని మేలుకొలిపే సెమిప్లిమాబ్ లాంటి కొత్త మందులకు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది, కాని వాటి ధర మన చందాల పుస్తకాలకు అందేది కాదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే మందులు కూడా చర్మ క్యాన్సర్ అవకాశాన్ని పెంచుతాయి. కాబట్టి వేరే జిల్లా వాళ్ళ కన్నా మనకు తొందర ఎక్కువ. ఆపరేషన్‌తోనే సరిపోయే దశలో పట్టుకోవాలి. డాక్టరు దగ్గర కూర్చోగానే మొదటి మాట "మాది ఉద్దానం, కిడ్నీ పరీక్ష చూడండి" అని ఉండాలి. ఇంట్లో నొప్పి బిళ్ళలు సొంతంగా మింగడం ఆపాలి.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగా ఉండే మాట. పుట్టుకతో వచ్చే చర్మ జబ్బు ఒకటి ఉంది, జీరోడెర్మా అంటారు. ఎండ వల్ల కణంలో జరిగే నష్టాన్ని బాగుచేసుకునే శక్తి ఆ పిల్లలకు ఉండదు. ఆ సంగతి 1968లో అమెరికాలో క్లీవర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. రెండేళ్ళు నిండకుండానే ముఖమంతా గోధుమరంగు చుక్కలు, ఎండలోకి వస్తే కళ్ళు ఎర్రబడి నీరు కారడం, పదేళ్ళ లోపే చర్మ క్యాన్సర్. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే వస్తుంది. దగ్గర రక్తంలో పెళ్ళిళ్ళు జరిగే చోట ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ. మన ఇళ్ళలో చాచా పిల్లలకు, ఖాలా పిల్లలకు చేసుకుంటాం. మన హిందూ పొరుగువాళ్ళు మేనరికాలు చేసుకుంటారు. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. ఇంట్లో ఒక బిడ్డకు ఇలా ఉంటే తరవాతి సంబంధం కలుపుకునే ముందు డాక్టర్ని అడగమంటున్నాను. బడిలో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడలేని బిడ్డ కనిపిస్తే మొండితనం అనుకోవద్దని మా టీచర్లకు నేను చెప్పుకుంటున్నాను.

క్యాన్సర్ అంటుకోదు. ఇది చదువుకున్నవాళ్ళకు కూడా చెప్పవలసి వస్తోంది. పుండు ఉన్న మనిషికి కంచం వేరు పెట్టడం, బిడ్డల్ని దగ్గరికి రానివ్వకపోవడం నేను చూశాను. వాసన వస్తే పుండు కడిగి కట్టు మార్చాలి, మనిషిని దూరం పెట్టకూడదు.

ఇక దాతలకు నా విన్నపం. మన ఖర్చుల పట్టికలో వైద్య సాయం అనే పద్దు ఒకటే ఉంది. దరఖాస్తుకు రిపోర్టు జతపరచాలని నియమం. రిపోర్టు కావాలంటే ముందు ముక్క పరీక్ష జరగాలి, దానికి డబ్బు కావాలి, డబ్బుకు రిపోర్టు కావాలి. ఈ ముడి మనమే వేశాం. ప్రభుత్వం వారి వైద్య సేవ కార్డు ఆపరేషన్‌కు ఉపయోగపడుతుంది. జబ్బు పేరు తేలేదాకా జరిగే తిరుగుడుకు, తోడు వెళ్ళిన ఆడమనిషి పోగొట్టుకున్న కూలికి దిక్కు లేదు. కాబట్టి మొదటి పరీక్షకు అని ఒక చిన్న పద్దు విడిగా పెట్టండి. దానికి రిపోర్టు అడగొద్దు, కమిటీ సమావేశం దాకా ఆపొద్దు. ఇద్దరి ప్రయాణం, పరీక్ష రుసుము, తోడు మనిషికి ఆ రోజు కూలి, ఇంతే. దీనితో ఫోటో రాదని నాకు తెలుసు. చక్రాల కుర్చీ ఇస్తే సంచికలో బొమ్మ పడుతుంది, బయాప్సీ సీసా ఇస్తే పడదు. అయినా అడుగుతున్నాను.

తోడు వెళ్ళడానికి మాలో నలుగురు ఆడవాళ్ళం ముందుకు వచ్చాం. సెలవు రోజుల్లో నేను వెళ్తాను. ఆడడాక్టరు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని ఆ రోజే తీసుకెళ్తాం. ఆడడాక్టరు లేకపోతే నర్సును పక్కన ఉంచి, మేము తెర పట్టుకుని అయినా గుడ్డ తీయించి చూపిస్తాం. ఈలోపు ఇళ్ళలో చెయ్యదగ్గది సన్న బొందు బదులు రెండు వేళ్ళ వెడల్పు పట్టీ వేసుకోవడం, లేదా ఎలాస్టిక్, రోజూ కట్టే చోటు కొంచెం పైకీ కిందికీ మార్చడం, రాత్రి పడుకునేటప్పుడు వదులు చెయ్యడం. కుట్టుమిషను మీద కూర్చున్న మన ఆపాలకు ఇది పది నిమిషాల పని. మగవాళ్ళు నవ్వుతున్నారు. లుంగీ ముడి దగ్గర కూడా ఒకసారి చూసుకోండి.

ఒక నోటుపుస్తకం కూడా పెట్టాం. పేర్లుండవు. ఊరు, వయసు, ఏ పక్క, ఎన్ని నెలలుగా, ఏం కట్టుకుంటారు, ముక్క పరీక్షలో ఏం తేలింది. కాలిన మచ్చలకు వేరే పేజీ, అంగిటికి వేరే పేజీ. మందస, హరిపురం, సోంపేట వైపు మనవాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్తాం, తరవాత పక్కిళ్ళకు, కులం మతం చూడకుండా. ఆ నోటుపుస్తకం అరవై రూపాయలు, అది నేనే కొన్నాను. సభ అయ్యాక తలుపు దగ్గర బల్ల మీద ఉంటుంది, ఎవరి ఇంట్లోనైనా నెల దాటిన పుండు ఉంటే ఊరు పేరు ఒక్కటి రాసి వెళ్ళండి. మేమే వస్తాం.